ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీతో పాటు రేడియేషన్ ఎవరికైనా ఇచ్చారా?

కృష్ణాతీరం:
మా వదినకు రొమ్ములో గడ్డ. బయాప్సీలో ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ (హార్మోన్ మందులూ, హెర్2 మందులూ పనిచేయని రకం) అని వచ్చింది, రెండో దశ. ముందు కీమో, ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు), తర్వాత ఆపరేషన్, చివర్లో రేడియేషన్ అన్నారు డాక్టరు గారు. డాలస్‌లో ఉన్న తమ్ముడేమో, లాస్ ఏంజెలెస్‌లో రేడియేషన్ కూడా ముందే ఇచ్చారట, అదే అడగమని రోజూ ఫోను. మీలో ఎవరికైనా అలా ఇచ్చారా?

పసుపుగడప:
నాకూ మీ డాక్టరు గారు చెప్పిన వరుసే. మూడు వారాలకోసారి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు 200 మిల్లీగ్రాములు, తోడుగా పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు. ఆ తర్వాత ఎర్ర రంగులో ఉండే కీమో మందు. అది ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, వదిన గారికి ముందే చెప్పండి, లేకపోతే రక్తమనుకొని హడలిపోతారు. ఇమ్యునోథెరపీ అరగంటలో అయిపోతుంది, ఆ రోజు ఏమీ తెలియదు. తెలిసేది తర్వాతే. నాకు విపరీతమైన నీరసం, మలబద్ధకం, ఎండాకాలంలో చలి. ఇంట్లో అందరూ కీమో వల్లే అన్నారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) చూస్తే థైరాయిడ్ పడిపోయింది. ఇప్పుడు రోజూ పరగడుపున మాత్ర.

సూక్ష్మదర్శిని:
మీ తమ్ముడు చెప్పేది లాస్ ఏంజెలెస్‌లోని సెడార్స్-సైనాయ్ ఆసుపత్రి పరిశోధన అయి ఉంటుంది, 2024లో ‘క్యాన్సర్ సెల్’ పత్రికలో వచ్చింది. ముందు పెంబ్రోలిజుమాబ్ ఒక్క డోసు, మూడు వారాలకు రెండో డోసుతో పాటు గడ్డకు 24 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ మూడు విడతల్లో, ఆ తర్వాత మామూలు కీమో, ఆపరేషన్. అసలు విశేషం బయాప్సీల్లో ఉంది. మొదలుపెట్టక ముందు, మొదటి డోసు తర్వాత, రేడియేషన్ తర్వాత ముక్క తీసి చూశారు. కొందరిలో మందు ఒక్కటే రోగనిరోధక కణాలను గడ్డలోకి రప్పించింది. కొందరిలో రేడియేషన్ పడ్డాకే అవి కదిలాయి. ఇంకొందరిలో రెండూ కలిపినా చలనం లేదు. రేడియేషన్ దెబ్బకు క్యాన్సర్ కణం తన గుర్తులను బయటపెడుతుంది, అప్పుడు టీ కణాలనే రోగనిరోధక కణాలు దాన్ని పట్టుకోగలవు.

అయితే, రేడియేషన్ లేకుండా మిగతావన్నీ ఇచ్చిన మరో జట్టుతో పోల్చి చూసిన పరీక్ష కాదది. అందుకని రేడియేషన్ వల్లే ఎంత మేలు జరిగిందో దాన్నిబట్టి తేల్చలేం. మీ డాక్టరు గారు చెప్పిన పద్ధతి వెనుక మాత్రం కీనోట్-522 అనే పెద్ద పరీక్ష ఉంది, అందులో రెండు జట్లను పోల్చి చూశారు. 2020 ఫలితాల్లో, ఆపరేషన్ నాటికి రొమ్ములోనూ చంక గ్రంథుల్లోనూ వ్యాపించే క్యాన్సర్ మిగలనివారు కీమో ఒక్కటే తీసుకున్నవారిలో 51.2 శాతం, పెంబ్రోలిజుమాబ్ కలిపినవారిలో 64.8 శాతం. నేనైతే ఆ దారి వదలను.

కాకినాడ_కుర్రాడు:
చెప్పడం సులువండీ. 200 అంటే 100 మిల్లీగ్రాముల సీసాలు రెండు, ప్రతిసారీ. ఆపరేషన్ తర్వాత మళ్లీ తొమ్మిది డోసులు. మా పెద్దమ్మకు పొలం బేరం పెట్టాల్సి వచ్చింది. కంపెనీవాళ్ల సహాయ పథకం ఉందేమో మొదటి సీసా కొనకముందే అడగండి, ఆసుపత్రిలో ఎవరూ తమంతట తాము చెప్పరు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్లు 20 మిల్లీగ్రాములతోనే పని జరిపించారని విన్నాను, అదెందుకు అడగకూడదు?

సూక్ష్మదర్శిని:
అది నివోలుమాబ్ అనే వేరే ఇమ్యునోథెరపీ మందు, తల, మెడ క్యాన్సర్‌కు, అదీ నయం చేయలేని దశలో ఉన్నవారికి. నయమయ్యే దశలో ఉన్న రొమ్ము క్యాన్సర్‌కు దాన్ని అతికించడం నాకు నచ్చదు. డబ్బు మిగిల్చే మాట ఒకటి: ఈ దశలో ట్రిపుల్ నెగటివ్‌కు ఇమ్యునోథెరపీ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి పీడీ-ఎల్1 పరీక్ష (గడ్డలో ఆ ప్రోటీను ఎంత ఉందో చూసేది) అక్కర్లేదు. కీనోట్-522లో అది పాజిటివ్ అయినా నెగటివ్ అయినా లాభం కనిపించింది.

కృష్ణాతీరం:
ల్యాబువాళ్లు ఇచ్చిన జాబితాలో పీడీ-ఎల్1 ఉంది, డాక్టరు గారిని అడిగి తీయిస్తాను. తమ్ముడికి మీ జవాబు పంపాను. సోమవారం గుండెకు ఎకో, అదే రోజు టీఎస్‌హెచ్, కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) పరీక్షలు కూడా చేయించమంటారా పసుపుగడప గారూ?

పసుపుగడప:
చేయించండి. కార్టిసాల్‌కు రక్తం ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలోనే ఇవ్వాలి, ఎకోను దాని తర్వాత పెట్టుకోండి.