తొమ్మిదో నెలలో రాత్రుళ్ళు ఒకటే దురద, నిద్ర లేదు, ఏ క్రీము రాయాలి?

తణుకు అమ్మాయి, రాత్రి 2:50
అక్కలూ ఎవరైనా మేల్కొని ఉన్నారా. మూడు రోజుల నుంచి నిద్ర లేదు నాకు, ఒకటే దురద. తొమ్మిదో నెల. రాత్రి పది దాటిందంటే మొదలవుతుంది, తెల్లారేదాకా గోక్కుంటూనే ఉంటున్నా. కొబ్బరి నూనె రాసాం, అమ్మ వేపాకు వేసి మరిగించిన నీళ్ళు పోసింది, మెడికల్ షాపులో అడిగితే కలమైన్ లోషన్ ఇచ్చాడు, రాస్తే పది నిమిషాలు చల్లగా ఉంటుంది మళ్ళీ మామూలే. సబ్బు మానేసి సున్నిపిండితో రుద్దుకుంటున్నా, నైటీలన్నీ కాటన్‌వే. ఇందాకట్నుంచి తడి తువ్వాలు పట్టుకుని మూడు గంటలుగా ఫ్యాను కింద కూర్చునే ఉన్నా. పొట్ట సాగుతోంది కదా అలాగే ఉంటుంది, బిడ్డకి జుట్టు ఎక్కువుంటే దురదొస్తుంది అంటోంది అమ్మ. మా ఆయనకి ఫోన్ చేస్తే కాసేపు పడుకో అంటాడు, ఎలా పడుకోను. మంచి క్రీము ఏదైనా పేరు చెప్పండి ప్లీజ్, పొద్దున్నే తెప్పించుకుంటా. ఏడుపొచ్చేస్తోంది.

డల్లాస్ నుంచి, రాత్రి 3:05
నేనున్నా చెల్లీ, ఇక్కడ సాయంత్రం అవుతోంది. నాకు 34 వారాలు, అమ్మ వీసా ఇంకా రాలేదు, రోజంతా ఒక్కదాన్నే. నీ బాధ నాకు తెలుస్తోంది. నాకు పొట్ట మీద చారల దగ్గర ఎర్రగా దద్దుర్లు లేస్తే ఓట్స్ పొడి నీళ్ళల్లో కలుపుకుని స్నానం చేశా, కొంచెం నయం. మరీ వేడి నీళ్ళు పోసుకోకు, చర్మం ఎండిపోయి ఇంకా ఎక్కువవుతుంది.

ఒంగోలు నర్సు, రాత్రి 3:12
దురద ఎక్కడ? అరచేతులు అరికాళ్ళల్లోనా? దద్దుర్లున్నాయా? ఎన్ని వారాలు?

పాలకొల్లు పెద్దమ్మ, ఉదయం 5:20
అమ్మా ఇది పైత్యం తల్లీ. వేడి చేసింది నీకు. వంకాయ, గోంగూర, ఆవకాయ మానెయ్యి. ధనియాలు జీలకర్ర రాత్రి నానబెట్టి పొద్దున వడకట్టి తాగు. మజ్జిగ ఎక్కువ తీసుకో. మా రోజుల్లో ఈ లోషన్లు ఎక్కడివి, మా అమ్మ నాకు నువ్వుల నూనె పట్టించి శనగపిండితో నలుగు పెట్టేది. కంగారు పడకు, కాన్పయితే అదే పోతుంది.

సహజ కాన్పు, ఉదయం 6:10
క్రీము సంగతి తర్వాత, ముందు రోజుకి ఎంత నడుస్తున్నావో చెప్పమ్మా. ఇలా రాత్రి నిద్ర లేక, పగలు పడుకుని, ఒళ్ళు బరువెక్కి, చివరికి నా వల్ల కాదు ఆపరేషన్ చేసేయండి అనే వాళ్ళని ఎంతమందినో చూశాను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ, మన ఆంధ్రలో 42.4 శాతం. దేశం మొత్తం మీద తీసుకుంటే 21.5. మనవాళ్ళ కడుపులే ప్రత్యేకంగా ఉన్నాయా? ముహూర్తం పెట్టించుకుని 37 వారాలకే కోయించుకుంటున్నారు, 39 దాకా ఆగితే బిడ్డ ఊపిరితిత్తులు బాగా ముదురుతాయి, పాలు తాగే శక్తి వస్తుంది. రెండు పూటలా అరగంట నడువు, బద్ధకోణాసనం వెయ్యి, ఎడమ పక్కకి తిరిగి పడుకో. ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకు.

రెండు కోతల తల్లి, ఉదయం 6:45
అక్కా ఆ పిల్ల దురదకి క్రీము అడిగితే సిజేరియన్ల లెక్కలు ఎందుకు. మొదటిసారి బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోతే ఇరవై నిమిషాల్లో తీశారు కాబట్టి నా కొడుకు బతికాడు. చేయించుకున్న ప్రతి ఒక్కరూ బద్ధకించి చేయించుకున్నట్టు మాట్లాడొద్దు దయచేసి.

సహజ కాన్పు, ఉదయం 6:58
అవసరమైన వాళ్ళ గురించి నేననలేదు. మీకు జరిగింది అవసరమే. నేను ముహూర్తాల గురించి చెబుతున్నా.

రెండు కోతల తల్లి, ఉదయం 7:03
చదివితే అలా లేదు. నెలలు నిండిన పిల్లని భయపెట్టేలా ఉంది.

తణుకు అమ్మాయి, ఉదయం 8:30
అందరికీ థాంక్స్. ఆరింటికి కాస్త కునుకు పట్టింది. నడుస్తున్నా అక్కా, మా వీధి చివర రామాలయం దాకా వెళ్ళొస్తున్నా. ధనియాల నీళ్ళు కూడా ఇవాళ మొదలుపెడతా పెద్దమ్మగారూ. అలోవెరా జెల్ మంచిదేనా? బేబీకి ఏమీ కాదు కదా?

ఒంగోలు నర్సు, ఉదయం 8:34
నేనడిగింది చెప్పలేదు.

తణుకు అమ్మాయి, ఉదయం 8:50
సారీ అక్కా చూసుకోలేదు. ఎక్కువ అరికాళ్ళల్లోనే, తర్వాత అరచేతులు. అక్కడ మొదలై పైకి పాకినట్టుంటుంది. రాత్రి కాళ్ళు గచ్చు మీద రాసీ రాసీ తోలు లేచింది. దద్దుర్లేమీ లేవు, గోకిన గీతలే. అరికాళ్ళని ఎలా కనిపెట్టారు? వారాలంటే తొమ్మిదో నెల అని చెప్పా కదా.

ఒంగోలు నర్సు, ఉదయం 8:52
తొమ్మిదో నెల అంటే వారాలు తెలియవు. పడిందా నిండిందా?

పాలకొల్లు పెద్దమ్మ, ఉదయం 9:05
నెల అంటే నెలే కదమ్మా. ఆగిన నెల నుంచి వేళ్ళ మీద లెక్కేసుకుంటే తెలిసిపోతుంది. తొమ్మిది నెలలు నిండి తొమ్మిది రోజులు అని మావాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు, ఎప్పుడూ తప్పలేదు.

ల్యాబ్ అక్క, ఉదయం 9:20
పెద్దమ్మగారూ, తొమ్మిది నెలల తొమ్మిది రోజులు ఆసుపత్రి లెక్కతో కూడా దాదాపు సరిపోతుందండి, చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. చిక్కల్లా ‘తొమ్మిదో నెల’ అన్న మాటతోనే. ఎనిమిది నిండి తొమ్మిది పడితే 35 వారాల దగ్గర, తొమ్మిది నిండితే 39. మధ్యలో నాలుగు వారాల తేడా. 35 వారాల బిడ్డ వేరు, 39 వారాల బిడ్డ వేరు. అందుకే వారాల్లో అడుగుతారు.

తణుకు అమ్మాయి, ఉదయం 9:40
ఫైలు హైదరాబాద్‌లో ఉండిపోయింది అక్కా. మేం ఉండేది అక్కడే, మొదటి కాన్పు పుట్టింట్లో అని ఎనిమిదో నెల పోయాక ఇక్కడికి వచ్చా. చూపించుకున్నదంతా అక్కడ డాక్టర్ గారికి. ఇక్కడ ఒక్కసారే వెళ్ళా, బీపీ చూసి బాగానే ఉందన్నారు. దురద అప్పటికి లేదు. ఆయన్ని స్కాన్ ఫొటో పంపమన్నా.

ఓరుగల్లు వదిన, ఉదయం 9:55
చెల్లె నాకు గిట్లనే ఉండె మొదటి పాప అప్పుడు. 35 వారాలప్పుడు షురూ అయింది, అరికాళ్ళల్ల మొదలు, రాత్రయితే చాలు పిచ్చి లేసినట్టయితుండె, చాపకి రాసుకుంటి, ఐసు ముక్కలు పట్టుకుంటి, నీ లెక్కనే నేను గూడ క్రీములే ఎతికిన, మా అత్తమ్మ కూడా జుట్టే అన్నది. అయిదు దినాలు అట్లనే ఊకున్న. ఆరో దినం ఒంటికి పోతే ముదురు పసుపు రంగు కనవడ్డది, చాయ డికాషన్ లెక్క, అప్పుడు భయమై పోయిన. రక్తం పరీక్ష చేస్తే లివర్ సరిగ పని చేస్తలేదు అన్నరు. కడుపుతోటి ఉన్నప్పుడు హార్మోన్లు ఎక్కువై కొందరికి లివర్‌ల పైత్యరసం కిందికి పోకుండ రక్తంల కలుస్తదంట, గందుకే దురద, పైన చర్మానికి ఏం కాదు, ఏం రాసినా పోదు. మనకైతే దురదే గని బిడ్డకి మంచిది కాదు, మరీ ఎక్కువైతే కడుపుల బిడ్డ ప్రాణానికే వస్తది. నీకు అదే అని నేను చెప్తలేను. గని క్రీము కోసం ఇంకో రాత్రి ఆగకు. ఇయ్యాలనే పో.

ఒంగోలు నర్సు, ఉదయం 9:58
నేనూ అదే అనుకుంటున్నా. ఎల్‌ఎఫ్‌టీ అంటే లివర్ పరీక్ష, బైల్ యాసిడ్స్ అంటే రక్తంలో పైత్యరసం ఎంతుందో చూసే పరీక్ష. రెండూ ఈరోజే.

పాలకొల్లు పెద్దమ్మ, ఉదయం 10:15
నేను పొద్దున్నే పైత్యం అన్నాను కదా. అదే ఇది.

ల్యాబ్ అక్క, ఉదయం 10:30
మాట ఒకటే కానీ విషయం వేరండి. మనం పైత్యం చేసింది అంటే కళ్ళు తిరగడం, నోరు చేదు, వికారం. వాళ్ళు చెప్పే పైత్యరసం లివర్‌లో తయారై కొవ్వు అరగడానికి పేగుల్లోకి వెళ్ళే రసం. ధనియాల నీళ్ళు తాగేది మొదటిదానికి. తాగితే నష్టం లేదు కానీ తాగి చూద్దాం అని రెండు రోజులు ఆగితే నష్టం. జబ్బు పేరు కొలెస్టాసిస్.

గోదారి గట్టు, ఉదయం 10:42
కొలెస్ట్రాల్ అయితే నెయ్యి మానేయాలి. నా ఫ్రెండ్‌కి కాన్పు సులువవుతుందని తొమ్మిదో నెలలో రోజూ గ్లాసు పాలల్లో రెండు స్పూన్ల నెయ్యి ఇచ్చారు, చివరికి షుగర్ వచ్చింది.

ల్యాబ్ అక్క, ఉదయం 10:47
కొలెస్ట్రాల్ కాదు, కొలెస్టాసిస్. పైత్యరసం కదలకుండా నిలిచిపోవడం. నెయ్యికీ దీనికీ సంబంధం లేదు. షుగర్ కూడా నెయ్యి వల్ల రాదు, అది ఇంకో చర్చ.

గోదారి గట్టు, ఉదయం 10:55
అయితే పచ్చకామెర్లు అన్నమాట. మా పక్క ఊళ్ళో పసరు పోస్తారు, మూడు ఆదివారాలు, నేల ఉసిరి పసరే కాబట్టి ఏమీ కాదు. ఎంతోమందికి తగ్గింది. అడ్రస్ కావాలంటే చెబుతా.

ఒంగోలు నర్సు, ఉదయం 10:56
వద్దు. కడుపుతో ఉన్నమ్మాయికి పసరు పోయించొద్దు.

ల్యాబ్ అక్క, ఉదయం 11:10
ఇది కామెర్లలా ఉండాలనే లేదు, చాలామందికి కళ్ళు పచ్చబడవు కూడా, అందుకే ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు. ఆ పసరులో ఏం కలుపుతారో పోసేవాళ్ళు చెప్పరు. అలసిపోయిన లివర్ మీద ఇంకో బరువు. పైగా మూడు ఆదివారాలంటే ఈ పిల్లకి కాన్పే అయిపోతుంది. చెల్లీ, ల్యాబ్‌కి వెళ్తే ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టు మామూలుగా ఆరోజే వస్తుంది, అందులో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ చూస్తారు, లివర్‌కి ఇబ్బందైతే రక్తంలో ఇవి పెరుగుతాయి. బైల్ యాసిడ్స్ చిన్న ఊళ్ళల్లో చేయరు, శాంపిల్ బయటికి పంపుతారు, రెండు మూడు రోజులు పట్టొచ్చు, అందుకే రెండూ ఒకేసారి ఇచ్చెయ్యి. ఇంకోటి, మొదటిసారి నార్మల్ వచ్చిందని వదిలేయకు. కొందరికి దురద ముందు వస్తుంది, రిపోర్టులో మార్పు వారం తర్వాత కనబడుతుంది. దురద తగ్గకపోతే మళ్ళీ చేయించాలి.

తణుకు అమ్మాయి, ఉదయం 11:40
స్కాన్ ఫొటో వచ్చింది. లెక్క వేస్తే ఇవాళ్టికి 36 వారాల 4 రోజులు. చేతులు వణుకుతున్నాయి అక్కా. అమ్మ అంటోంది తొమ్మిదో తారీఖున ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకి ఫ్రీగా చూస్తారు కదా, నాలుగు రోజులే కదా, అప్పుడు అన్నీ ఒకేసారి చూపిద్దాం అని. ఇవాళ ఆదివారం, ఇక్కడ డాక్టర్ గారు ఉండరు.

ఒంగోలు నర్సు, ఉదయం 11:43
తొమ్మిదో తారీఖు దాకా ఆగొద్దు. ఆదివారమైనా కాన్పులు చేసే ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ఉంటారు. బిడ్డ కదులుతోందా?

తణుకు అమ్మాయి, ఉదయం 11:50
కదులుతోంది అనుకుంటా. గోకుడులో పడి గమనించలేదు నిజంగా. చివర్లో చోటు చాలక కదలికలు తగ్గుతాయట కదా?

ఒంగోలు నర్సు, ఉదయం 11:52
తగ్గవు. ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టు. రెండు గంటల్లో పది రావాలి. రాకపోతే వెంటనే బయల్దేరు. వచ్చినా ఇవాళ వెళ్ళాల్సిందే.

డల్లాస్ నుంచి, మధ్యాహ్నం 12:10
ఇక్కడ అర్ధరాత్రి దాటింది కానీ నిద్ర పట్టలేదు నీ గురించే. ఆ చివర్లో కదలికలు తగ్గుతాయన్న మాట నేను కూడా నమ్మాను, మా డాక్టర్ గట్టిగా చెప్పింది, కదిలే తీరు మారొచ్చు, తన్నడం పోయి దొర్లినట్టు అనిపించొచ్చు, అంతేకానీ తగ్గకూడదు అని. లెక్కపెట్టి చెప్పు చెల్లీ.

తణుకు అమ్మాయి, మధ్యాహ్నం 12:35
పది వచ్చేశాయి. ఇరవై నిమిషాల్లోనే. చల్లని మజ్జిగ తాగి పడుకున్నా. అమ్మ లెక్కపెట్టింది నాతోపాటు. నాన్న కారు మాట్లాడుతున్నాడు, రాజమండ్రి వెళ్తున్నాం.

ఓరుగల్లు వదిన, మధ్యాహ్నం 12:40
మంచిగయింది తల్లీ. సంచి సర్దుకొని పో, ఉండుమన్నా ఉండొచ్చు. రెండు నైటీలు, పాత మెత్తటి చీర ముక్కలు, ఆధార్ కార్డు, స్కాన్ ఫొటోలు. డాక్టరమ్మకి అరచేతులు అరికాళ్ళు, రాత్రిపూట, దద్దుర్లు లేవు, ఈ మూడు మాటలు చెప్పు ముందుగాల, ఉత్తగ దురద అంటే వాళ్ళు కూడ లోషనే రాస్తరు. నాకు ఉర్సో అని గోలీలు ఇచ్చిండ్రు, ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్, దురద కొంచెం తగ్గింది గని పూర్తిగ పోలె. బైల్ యాసిడ్స్ నాకు 62 వచ్చింది, 38 వారాలకు నొప్పులు తెప్పించి కాన్పు చేసిండ్రు, మామూలు కాన్పే. వందకి తక్కువ ఉంటే కొన్ని దినాలు ఆగి చూస్తరు, వంద దాటితే 35, 36 వారాలకే తీస్తరు. కాన్పయిన మూడో దినానికి దురద మాయం. నా బిడ్డ ఇప్పుడు ఒకటో తరగతి.

సహజ కాన్పు, మధ్యాహ్నం 1:15
పొద్దున నేను ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకు అని రాశాను. ఇది తెలియక రాశాను. డాక్టర్ ముందుగా కాన్పు చేద్దామంటే విను తల్లీ. ముహూర్తం వేరు, ఇది వేరు.

రెండు కోతల తల్లి, మధ్యాహ్నం 1:20
ఈ మాట అన్నందుకు సంతోషం అక్కా.

గోదారి గట్టు, మధ్యాహ్నం 2:05
నెయ్యి వల్ల షుగర్ రాదు అన్నారు కదా ల్యాబ్ అక్కా, మరి నా ఫ్రెండ్‌కి ఎందుకొచ్చింది? ఏడో నెల పరీక్షలో లేదు.

ల్యాబ్ అక్క, మధ్యాహ్నం 2:30
ఆ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు, తర్వాత కూడా పెరగొచ్చు. పాలల్లో చక్కెర వేశారా అడగండి. వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిసిపోతోంది.

తణుకు అమ్మాయి, రాత్రి 9:25
ఎస్‌జీపీటీ 186, ఎక్కువుందట. బైల్ యాసిడ్స్ శాంపిల్ పంపారు. అడ్మిట్ చేశారు, బిడ్డ గుండె చప్పుడు మిషన్ పెట్టి చూశారు బాగుంది. ఆయన బస్సెక్కాడు ఫైలు తీసుకుని. చార్జర్ మర్చిపోయా, 4 శాతం ఉంది. థాంక్స్ అక్కా అందరికీ

పాలకొల్లు పెద్దమ్మ, రాత్రి 9:40
ఆ చంటిది చల్లగా ఉండాలి తల్లీ. మీ అమ్మని కూడా ఏమైనా తినమను.

ఓరుగల్లు వదిన, మూడు రోజుల తర్వాత
చెల్లె, బైల్ యాసిడ్స్ ఎంతొచ్చినయ్?

డల్లాస్ నుంచి, నాలుగు రోజుల తర్వాత
తణుకు చెల్లి నుంచి ఎవరికైనా కబురుందా? నాకూ నిన్న అరికాళ్ళల్లో కొంచెం అనిపించింది, రేపు పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

ఒంగోలు నర్సు, నాలుగు రోజుల తర్వాత
రేపు కాదు. ఇప్పుడే ఫోన్ చెయ్యి.