అప్‌డేట్: సీటు వేడెక్కింది, దోషి నా మోకాలే

మిషిగన్ చలిలో నా పాత లగ్జరీ కారు డ్రైవర్ సీటు వేడెక్కడం లేదని, బటన్ నొక్కితే దీపం వెలిగి కొన్ని క్షణాలకే ఆరిపోతోందని పోయిన నెల అడిగాను. కారణం దొరికింది.

ఫ్యూజు బాగానే ఉంది. స్విచ్ మార్చమని ఇద్దరు సలహా ఇచ్చారు. వినకపోవడమే మంచిదైంది. దీపం వెలుగుతోందంటే స్విచ్ మాట కంట్రోల్ మాడ్యూల్‌కు (సీటు హీటర్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌కు) చేరుతున్నట్టే. సర్క్యూట్ ఎక్కడో తెగిందని పసిగట్టి మాడ్యూలే ఆపేస్తోంది.

ముందు బ్యాటరీ తీగ విప్పి పావుగంట ఆగాను. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది, దానితో పరాచికాలు వద్దు. తర్వాత హీటర్ ప్లగ్గు ఊడదీసి, తీగల నిరోధం కొలవడానికి మల్టీమీటర్ పెట్టాను. వీపు వైపు సుమారు 2 ఓమ్‌లు చూపించింది. కూర్చునే వైపు అసలు కదలికే లేదు, అంటే లోపల తీగ తెగినట్టే. సీటు వేడిని పసిగట్టే సెన్సార్ నిరోధం వేడికి తగ్గాలి; సీటు మీద అరచేయి ఆనించి ఉంచితే దాని రీడింగ్ మెల్లగా తగ్గింది, అంటే పాపం అది నిర్దోషి.

తోలు కవరు విప్పితే ఎడమ అంచున రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ, దాని మధ్య తెగిన తీగ. వెనక పిల్లవాడి బెల్టు పెట్టడానికి రోజూ మోకాలు ఆనించేది సరిగ్గా అక్కడే! అతుకు పెడితే అక్కడే మళ్లీ కాలుతుందని భయపడి కొత్త హీటర్ ప్యాడ్ వేశాను. కవరును పట్టి ఉంచే ఇనుప రింగులు బిగించేసరికి రెండు వేళ్లు గీసుకుపోయాయి.

ఇప్పుడు పక్క సీటు కంటే ఇదే త్వరగా వేడెక్కుతోంది. అందుకే వారం నుంచి కారు మా ఆవిడే నడుపుతోంది.