చెల్క నేలలో నాటు ఉల్లిగడ్డ: ఏ రకం, నారు ఎప్పుడు పోయాలి?

నల్లగొండ_పెరడు:
ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు జాగా ఉంది. ఎర్ర చెల్క, బోరు నీళ్లు. హైబ్రిడ్ వద్దు, గింజ మళ్లీ మనమే కట్టుకునే రకం కావాలి. చేతిలో రెండు పాకెట్లున్నాయి. ఒకటి వాలా వాలా అనే అమెరికా పాత రకం, రెండోది బళ్లారి ఎర్ర. ఏది పోయాలి, ఎంత గింజ, ఏ నెలలో? మొలిచిన నారు మొదలు దగ్గర మెత్తబడి పడిపోకుండా ఏం చేయాలి?

పాలమూరు_మడి:
వాలా వాలా పక్కన పెట్టండి. ఎంత ఎరువు పోసినా అది ఇక్కడ గడ్డ ఊరదు. ఉల్లి గడ్డ కట్టాలా వద్దా అన్నది ముందు పగటి పొడవును బట్టి ఉంటుంది. ఆ రకానికి రోజుకు 14 గంటలు, అంతకు మించి వెలుతురు కావాలి. మన దగ్గర జూన్‌లో కూడా పగలు 13 గంటలు దాటీ దాటనట్టే ఉంటుంది, డిసెంబర్‌లో 11 గంటలే. కాబట్టి ఆకులు గుబురుగా పెరుగుతాయి, కింద మాత్రం ఉల్లికాడ మందమే ఉంటుంది. విదేశీ పాత రకమే కావాలంటే రెడ్ క్రియోల్ లాంటి తక్కువ పగటి రకం చూడండి.

బళ్లారి ఎర్ర సరైనది. వానాకాలానికైతే ఎన్-53, యాసంగికైతే అగ్రిఫౌండ్ లైట్ రెడ్ కూడా గింజ కట్టుకోదగ్గవే. పాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే అది హైబ్రిడ్, కొనొద్దు. తయారీ తేదీ తప్పకుండా చూడండి. ఉల్లి గింజ ఏడాది దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. అనుమానముంటే 50 గింజలు తడిగుడ్డలో చుట్టి పది రోజులు చూడండి. 35 కన్నా తక్కువ మొలిస్తే ఆ మేరకు గింజ పెంచాలి.

మీ జాగాకు 5 గ్రాములు చాలు. గ్రాముకు దాదాపు 300 గింజలుంటాయి. ఆరు అంగుళాల సాలు, మొక్కకు మొక్కకు నాలుగంగుళాల లెక్కన, నడిచే బాట పోను 600 మొక్కలు పడతాయి.

నారు పోయడానికి స్వాతి కార్తె మంచిది, అంటే అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ మొదటి వారం. సెప్టెంబర్‌లోనే పోస్తే నారు ముదిరి, చలిలో గడ్డ కట్టకుండా పూతకాడ లేస్తుంది. మరీ ఆలస్యమైతే గడ్డ ఊరే రోజుల్లో ఎండలు ముదిరి చిన్నగడ్డలే మిగులుతాయి.

చెల్క_రైతు:
నారు సంగతి నేను చెప్తా. 3 అడుగులు × 4 అడుగుల మడి, నేల కన్నా అర అడుగు ఎత్తు. బాగా మాగిన పెంట ఎరువు రెండు తట్టలు జల్లెడ పట్టి, పావు కిలో వేపపిండి, 10 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలు బూజు పొడి) కలిపి చల్లండి. గింజ వెదజల్లొద్దు. మూడంగుళాల ఎడంతో గీతలు గీసి, ఒక సెంటీమీటరు లోతులో పలుచగా పోయండి.

పైన మట్టి కప్పకండి, జల్లెడ పట్టిన ఎరువే కప్పండి. చెల్క నేల తడిసి ఆరితే పైన అట్ట కడుతుంది. ఉల్లి మొలక నిటారుగా రాదు, కొక్కెంలా వంగి, కొసన నల్ల పొట్టు పెట్టుకుని లేస్తుంది. అట్ట అడ్డం వస్తే ఆ వంపు దగ్గరే విరుగుతుంది. తర్వాత పలుచగా వరిగడ్డి పరిచి, రోజ్ డబ్బాతో (చిల్లుల మూతి డబ్బా) నీళ్లు. ఏడెనిమిది రోజులకు కొక్కేలు కనబడగానే సాయంత్రం పూట గడ్డి తీసేయాలి. రెండు రోజులు ఆలస్యమైనా నారు తెల్లబడి సాగిపోతుంది.

మీరడిగింది నారుకుళ్లు. చిక్కగా పోసిన గింజ, పచ్చి ఎరువు, నిలిచిన నీరు, ఈ మూడూ కలిస్తే చెలరేగుతుంది. నీళ్లు పొద్దున పూటే పెట్టండి, రాత్రికి పైమన్ను ఆరాలి. ఒక మూల పడిపోవడం మొదలైతే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి అక్కడా, చుట్టూ జానెడు మేరా నేల తడిసేలా పోయండి. ఆ రోజు వేరే నీళ్లు వద్దు.

45 రోజులకు నాటు. ఆకు కొస మూడో వంతు కత్తిరించి, అంగుళం లోతు దాటకుండా పెట్టండి. లోతుగా నాటితే గడ్డ గుండ్రం కాదు, పొడుగు సాగుతుంది. నాటిన 45 రోజుల తర్వాత యూరియా, పేడనీళ్లు ఏవీ వద్దు. అప్పుడు నత్రజని ఇస్తే మెడ లావెక్కి, గడ్డ నిలవ ఉండదు.

మిద్దెతోట:
బోరు నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఉల్లి ఉప్పుకు ఓర్చుకోదు. మడి ఆరినాక పైన తెల్లపూత కనబడితే ఆ నీళ్లతో గడ్డలు చిన్నవే వస్తాయి. వాన నీళ్లు పట్టుకున్న డ్రమ్ము ఉంటే కనీసం నారుమడికి అవి వాడండి.

ఫిబ్రవరి నుంచి తామర పురుగులు చూసుకోండి. నడిమి ఆకులు విప్పితే మొదలు దగ్గర పసుపు రంగు సన్నపురుగులు, ఆకు మీద వెండి చారలు కనబడతాయి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు. సబ్బు లేకుంటే మైనం ఆకు మీద మందు నిలవదు, జారిపోతుంది.

నల్లగొండ_పెరడు:
పాలమూరు అన్నా, గింజ కట్టుకోవడం ఎట్లా? చుట్టుపక్కల వేరే ఉల్లి వేస్తారు.

పాలమూరు_మడి:
పూతకు రాకముందే పీకే ఉల్లితో మీకు ఇబ్బంది లేదు. పూసే వేరే రకం కిలోమీటరు లోపల ఉంటే కలుస్తుంది. అట్లాంటప్పుడు మొక్కల మీద దోమతెర కట్టి, రోజూ పొద్దున మెత్తని కుంచెతో ఒక పూగుత్తి నుంచి ఇంకో దానికి రాయండి.

సగం మెడలు వాలినాక పీకిన గడ్డల్లోంచి మెడ సన్నంగా ఉన్నవి, జంట కానివి, 50-60 గ్రాములవి కనీసం 30 ఎంచండి. తక్కువ మొక్కలతో కడితే రెండు మూడు తరాలకే జవ తగ్గుతుంది. మొదటి ఏడే పూతకాడ వేసిన మొక్క గింజ మాత్రం ఎత్తొద్దు, ఆ గుణమే మళ్లీ వస్తుంది. గడ్డలు గాలాడే చోట అక్టోబర్ దాకా ఉంచి, కుళ్లనివి అడుగున్నర సాలులో, అడుగు ఎడంతో నాటండి. గుత్తిలో అక్కడక్కడ నల్లగింజ కనబడగానే జానెడు కాడతో కోసి, గుడ్డ మీద నీడన ఆరబెట్టండి. ఆలస్యమైతే గింజ నేలపాలు. నలిపి, చెరిగి, బాగా ఎండినాక మూత బిగుతుగా ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.