పాలిమర్ క్లేతో మెడలో వేసుకునే భరిణెలు: మూత సరిగ్గా కుదరాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: విజయవాడ, సత్యనారాయణపురం నుంచి

సభ్యులందరికీ నమస్కారం. పాలిమర్ క్లేతో చెవిదుద్దులు, పూసలు చేయడం నాకు అలవాటే. ఇప్పుడు మెడలో లాకెట్టులా వేలాడదీసుకుని, కావలసినప్పుడు మూత తీసుకోగలిగిన చిన్న భరిణెలు చేయాలని పూనుకున్నాను. లోపల చిటికెడు కుంకుమో, ఒక తులసి పూసో, మడిచిన చీటీయో పట్టేంత చోటు ఉంటే చాలు. ఒంటిమీద ధరించే ఇలాంటి వస్తువు మనకు కొత్తది కాదు. తాయెత్తు గొట్టాలు, వీరశైవులు మెడలో ధరించే వెండి లింగకాయలు మనందరం చూసినవే. అంత దిటవుగా, రోజూ వాడినా చెక్కుచెదరకుండా ఉండే భరిణెను క్లేతో చేయగలిగితే రంగుల విషయంలో మనకు ఎంతో స్వేచ్ఛ దొరుకుతుందని నా ఆశ.

అయితే మూడు చోట్ల పని ఆగిపోతోంది. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా చుట్టి దానిమీద క్లే పరిచి కాలిస్తే, కొన్నిసార్లు పక్కన సన్నని పగులు వస్తోంది, కొన్నిసార్లు బుడగలా ఉబ్బుతోంది. మూతను విడిగా కాలిస్తే వదులవుతోంది, భరిణె ఒంటితో కలిపి కాలిస్తే ఊడిరావడం లేదు. ఇక దారం కోసం అంచు దగ్గర పెట్టిన రంధ్రం కొద్ది రోజులకే పెచ్చులూడి తెగిపోతోంది. నా దగ్గర ఉన్నది ఇంట్లో వాడే మామూలు ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్. క్లే కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకే మీట తిప్పి పెడుతున్నాను. ఈ పని చేసినవారు, ముఖ్యంగా మూత అమర్చే పద్ధతి తెలిసినవారు, దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: గుంటూరు, బ్రాడీపేట నుంచి

నమస్కారమండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండింటికి మూలం కాల్పులోనే ఉందని నాకనిపిస్తోంది కాబట్టి ముందు దాని గురించి రాస్తాను.

పాలిమర్ క్లే అసలు మట్టి కాదు. పీవీసీ అనే ప్లాస్టిక్ పొడిని మెత్తబరిచే ద్రవంతో కలిపి, రంగు చేర్చి చేసిన ముద్ద అది. తగిన వేడి తగినంత సేపు తగిలినప్పుడే ఆ పొడి రేణువులు ఒకదానితో ఒకటి కలిసిపోయి గట్టి పదార్థమవుతాయి. వేడి చాలకపోతే పైకి గట్టిపడినట్టే కనబడుతుంది గానీ లోపల రేణువులు కలవవు, వంచితే పుటుక్కున విరుగుతుంది. మీ రంధ్రాలు పెచ్చులూడటానికి చాలా వరకు ఇదే కారణమై ఉంటుంది. ఫిమోకు 110 డిగ్రీల సెల్సియస్, స్కల్పీ వారి ప్రీమోకు 130, కేటో పాలీక్లేకు 150 అని కంపెనీలే చెబుతాయి. కానీ ఓటీజీ మీట మీద రాసి ఉన్న అంకెకూ లోపలి అసలు వేడికీ పొంతన ఉండదు, పైగా కడ్డీలు వెలిగి ఆరినప్పుడల్లా వేడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అందుచేత ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొని, వస్తువు పెట్టే చోటనే దాన్ని ఉంచి చూడండి. గచ్చు పలక, అంటే మామూలు సిరామిక్ టైలు, కింద పెట్టి, పైన ఫాయిల్‌ను గొడుగులా కప్పితే కడ్డీల సెగ నేరుగా తగలదు, రంగు మాడదు. సమయం విషయంలో పిసినారితనం వద్దు: ప్రీమోకు ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు కావాలి. ఉష్ణోగ్రత హద్దులో ఉన్నంతవరకు కొంచెం ఎక్కువసేపు ఉంచినా నష్టం లేదు. హద్దు దాటి మాడితే మాత్రం హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఘాటు వాసన తగలగానే ఓవెన్ ఆపి కిటికీలు తెరవాలి. మైక్రోవేవ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు.

మీ కాల్పు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి, భరిణెతో పాటు అదే మందంలో ఒక సన్నని పట్టీని కూడా కాల్చండి. పూర్తిగా చల్లారాక దాన్ని వంచితే విరగకుండా వంగాలి. అది విరిగితే భరిణెను మళ్లీ కాల్చవచ్చు. క్లేను ఎన్నిసార్లయినా తిరిగి ఓవెన్‌లో పెట్టవచ్చు, ఈ పనికి ఉన్న గొప్ప వెసులుబాటు అదే.

ఇక ఉబ్బు సంగతి. ఫాయిల్ ముడతల్లో చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచించి క్లేను పైకి నెడుతుంది. ఫాయిల్ ఉండను గట్టిగా నొక్కి, నున్నని గచ్చు మీద దొర్లించి, చేతికి గుంటలు తగలకుండా చేసిన తర్వాతనే క్లే పరచాలి. పైన పరిచే పలక అంతటా ఒకే మందంలో, సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి. గాలి బయటికి పోవడానికి అడుగున సూదితో ఒక రంధ్రం ఉంచండి, చివర్లో దాన్ని పూడ్చవచ్చు. పగులు సాధారణంగా పలక సన్నబడిన చోటనో, అతుకు సరిగ్గా కలవని చోటనో వస్తుంది. కాల్చిన వెంటనే బయటికి తీయకుండా, గోరువెచ్చగా అయ్యేదాకా ఓవెన్‌లోనే చల్లారనిస్తే పగుళ్లు తగ్గుతాయి.

మూత విషయానికి వస్తే, విడిగా మూత చేసి అతికించుకునే ఆలోచన మానుకోండి. భరిణె మొత్తాన్ని మూత లేకుండా, మూసి ఉన్న ఉండగానే కాల్చండి. ఓవెన్ నుంచి తీశాక, ఇంకా గోరువెచ్చగా ఉండగానే, పలుచని పొడవాటి బ్లేడుతో నడుముకు కొంచెం పైగా చుట్టూ గీసుకుంటూ కోయండి. వెచ్చగా ఉన్న క్లే జున్నులా తెగుతుంది, చల్లారితే బ్లేడు జారి చెయ్యి తెగే ప్రమాదం ఉంది. కోసే ముందు మూత మీద, ఒంటి మీద ఒకే వరుసలో రెండు చుక్కలు గుర్తు పెట్టుకోవాలి. నేనైతే కోతను తిన్నగా కాకుండా ఒకచోట చిన్న అలలా వంచుతాను, అప్పుడు మూత ఒక్క దిక్కులోనే కూర్చుంటుంది, పైనున్న డిజైను చెదరదు. రెండు చిప్పలూ విడివడ్డాక లోపలి ఫాయిల్‌ను పట్టకారుతో కొంచెం కొంచెంగా లాగేయండి.

ఇప్పుడు గొంతు కట్టాలి. సన్నని క్లే పట్టీని కింది చిప్ప లోపలి గోడకు ద్రవ క్లే (జిగురులా పనిచేసే ద్రవరూప పాలిమర్ క్లే) రాసి చుట్టూ అతికించండి. అది అంచు దాటి మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి నిలబడాలి. ఆ నిలబడిన భాగానికి మామూలు రాతకాగితాన్ని ఒక్క వరుస చుట్టి, దానిమీద కాస్త టాల్కం పౌడరు అద్ది, మూత పెట్టి, అలాగే మళ్లీ కాల్చండి. ఆ వేడికి కాగితం కాలిపోదు. చల్లారాక మూత మెల్లగా తిప్పి తీసి, కాగితాన్ని ఒలిచేస్తే, దాని మందమంత సందు మిగులుతుంది. మూత బిగువుగా పట్టేదీ, సులువుగా ఊడేదీ ఆ సందు వల్లనే. ఇంకా బిగుతుగా అనిపిస్తే 600 నంబరు ఉప్పు కాగితాన్ని నీటిలో తడిపి గొంతు మీద రెండు చుట్లు తిప్పండి చాలు.

సమాధానం: విజయవాడ, వన్‌టౌన్ నుంచి

పైన చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. మన ఊరి ఎండల్లో క్లే ఓవెన్‌లోకి వెళ్లక ముందే పాడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ వ్యానులో రోజంతా పడి ఉన్న ముద్ద సగం గట్టిపడి, పిసికితే పొడిపొడిగా రాలుతుంది. అలాంటి ముద్దతో చేసిన పలకలో కంటికి కనబడని బీటలుంటాయి, అవే తర్వాత పగుళ్లవుతాయి. కావలసిన క్లే చలికాలంలోనే తెప్పించుకుని ఫ్రిజ్‌లో భద్రపరచడం మేలు. కాల్చని క్లేను గలగలలాడే గట్టి పారదర్శకపు ప్లాస్టిక్ పెట్టెల్లో పెడితే అందులోని ద్రవం ఆ పెట్టెను తినేస్తుంది, పాలిష్ చేసిన టేకు బల్ల మీద వదిలేసినా మరక పడుతుంది. పాలిథిన్ కవరులో చుట్టి ఉంచండి. దుకాణంలో గాలికి ఆరే క్లే చవకగా దొరుకుతుంది కదా అని దాంతో ఇలాంటివి చేయవద్దు. మెడలో చెమట తగిలే వస్తువుకు అది పనికిరాదు, తడికి మళ్లీ మెత్తబడుతుంది.

సమాధానం: గుంటూరు, అరండల్‌పేట నుంచి

దారం గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నా దృష్టిలో మెడలో వేసుకునే భరిణెకు దారమే ప్రాణం. మూత ఎంత బాగా కుదిరినా, దారం మూతను కూడా పట్టుకుని ఉండకపోతే ఏదో ఒకనాడు మూత ఎక్కడో జారిపోతుంది.

దీనికి జపాన్ వారి ఇన్‌రో చక్కని నమూనా. జేబులు లేని కిమోనో మీద నడుము పట్టీకి వేలాడదీసుకోవడానికి ఎడో కాలంలో (17 నుంచి 19వ శతాబ్దం దాకా) వాళ్లు చేసుకున్న అరల పెట్టె అది. అందులో ముద్రలు, మందులు పెట్టుకునేవారు. ప్రతి అరకూ రెండు పక్కలా నిలువు సొరంగాలుంటాయి. దారం అన్ని అరల గుండా, మూత గుండా పైకి వచ్చి, ఓజిమే అనే పూసలో దూరి, చివర నెట్సుకే అనే చిన్న చెక్కుడు బొమ్మకు కట్టి ఉంటుంది. పూసను కిందికి జరిపితే అరలన్నీ బిగుస్తాయి, పైకి లాగితే తెరుచుకుంటాయి. మూత దారం మీదనే పైకి జారుతుంది తప్ప చేతిలోంచి పడిపోదు. పాలిమర్ క్లేతో పాత్రలు చేసేవారు చాలామంది ఈ పద్ధతినే అనుసరిస్తున్నారు.

మీరు చేయవలసిందల్లా, అంచులో రంధ్రం పెట్టడం మానేసి, సైకిల్ స్పోక్ మీద క్లేను చుట్టి సన్నని గొట్టాలు చేసుకోవడం. స్పోక్‌కు ముందుగా టాల్కం పౌడరు రాయాలి. కోసి గొంతు కట్టిన భరిణెను మూత పెట్టి ఉంచి, దాని రెండు పక్కలా ఆ గొట్టాలను ద్రవ క్లేతో నిలువుగా అతికించి, మూత గీత దగ్గర బ్లేడుతో రెండుగా తెంపండి. స్పోక్‌ను లోపలే ఉంచి కాల్చితే కింది గొట్టమూ పైగొట్టమూ ఒకే వరుసలో నిలబడతాయి. గొట్టం గోడ కనీసం 2 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మైనం పూసిన నూలు తాడైతే మెడకు గరుకుగా ఉండదు, ముడి జారదు. కింది ముడిని చిన్న కుచ్చుతో కప్పండి.

ఆకారాల విషయంలో మన జిల్లాల వైపు కూడా చూడమని నా మనవి. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో తవ్వి తీసిన ధాతు కరండాలు, అంటే పవిత్ర అవశేషాలు దాచే భరిణెలు, రాతి పెట్టెలు. వాటిలో స్ఫటికంతో చేసిన చిన్న కరండాలు ఉన్నాయి. లోపల విలువైనది దాచుకోవడానికే పుట్టిన రూపాలవి, ఆడంబరం లేని గుండ్రదనం, నిండైన మూత. మీ భరిణెకు అంతకన్నా మంచి ఒజ్జబంతి నాకు తోచడం లేదు. ఏటికొప్పాక లక్క భరిణెల మూతలను కూడా ఒకసారి తీసి, లోపలి గొంతు ఎంత నిటారుగా ఉందో చూడండి. పైపూతకు పువ్వులు, రాళ్లు గుప్పించే బదులు మంగళగిరి చీర అంచులోని నిజాం గీతల్లాంటి రెండు మూడు పట్టీలు బంగారు రంగు క్లేతో వేస్తే చాలు, వస్తువు హుందాగా ఉంటుంది.

మళ్లీ ప్రశ్న అడిగిన సభ్యురాలు

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. కాల్చిన తర్వాత కోయడమన్న ఆలోచన నాకు ఎన్నడూ తట్టలేదు, థర్మామీటర్ ఈరోజే తెప్పిస్తున్నాను. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. మెరుపు కోసం గోళ్లరంగు పారదర్శకమైనది పూయవచ్చా? కొందరు లోపల అత్తరు తడిపిన దూది, ఇంకొందరు పచ్చకర్పూరం, ప్రసాదం పలుకులు పెట్టుకుంటామంటున్నారు. అది క్షేమమేనా?

సమాధానం: గుంటూరు, బ్రాడీపేట నుంచి

గోళ్లరంగు వద్దండి. అందులోని ద్రావకం క్లేతో కలిసి, నెలలు గడిచాక ఉపరితలాన్ని జిగటగా మారుస్తుంది. డబ్బా స్ప్రే వార్నిష్‌లలో చాలావాటికీ ఇదే దోషం ఉంది. నీటితో కలిసే పాలీయూరిథేన్ వార్నిష్ పలుచగా రెండు పూతలు వేయవచ్చు. నన్నడిగితే అదీ అక్కరలేదు. 400 నుంచి మొదలుపెట్టి 600, 800, 1000 నంబర్ల ఉప్పు కాగితాలతో నీటిలో ముంచుతూ వరుసగా రుద్ది, ఆఖరున పాత జీన్స్ గుడ్డతో గట్టిగా తోమితే వచ్చే నునుపు ఏ పూతతోనూ రాదు. రుద్దేటప్పుడు నీరు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

తినే పదార్థమేదీ ఇందులో పెట్టకూడదు. ఈ క్లే ఆహార పాత్రలకు ఉద్దేశించినది కాదు, ప్రసాదం పలుకులైనా, మాత్రలైనా అంతే. క్లే పనికి వాడిన గిన్నెలు, కత్తులు తిరిగి వంటింట్లోకి రానివ్వవద్దు. ఓటీజీ కూడా ఈ పనికి వేరేది పెట్టుకోగలిగితే మంచిది. అత్తరు, కర్పూరం నేరుగా క్లేకు తగలకుండా చిన్న గాజు సీసాలో పెట్టి, ఆ సీసా పట్టేలా భరిణె చేయండి. అలాంటప్పుడు ఫాయిల్ ఉండకు బదులు ఆ సీసాకే, బిరడా తీసేసి, రెండు వరుసల కాగితం చుట్టి దానిమీద క్లే పరచండి. కుంకుమ కూడా లేత రంగు క్లేకు అంటితే వదలదు, కాబట్టి లోపలి వైపు ముదురు ఎరుపు క్లే వాడండి. తెల్ల క్లేతో పని ఉంటే దాన్ని ముందే ముగించుకుని, ఎరుపు ముద్దను ఆ తర్వాతే చేతిలోకి తీసుకోండి.