గ్యాస్ వాల్వు వీడియో తీస్తే దేశ భద్రతకు ముప్పా?

లంకరైతు:
మాది కోనసీమ, మామిడికుదురు దగ్గర పల్లె. మా కొబ్బరితోట కిందుగా గ్యాస్ పైపులైను పోతుంది. మొన్న దింపు తీయిస్తుంటే వాల్వు వైపునుంచి కిరోసిన్‌లాంటి వాసన కొట్టింది. కంచె బయటే నిలబడి ఫోన్లో వీడియో తీశాను. బైకు మీద ఇద్దరు సెక్యూరిటీవాళ్లు వచ్చి, ఇది దేశ భద్రత వ్యవహారం అని వీడియో తీసేయించి, ఆధార్ నంబరు పుస్తకంలో రాసుకున్నారు. మరి వాసన సంగతేంటండీ అంటే "పైకి చెప్తాం లెండి" అన్నారు. అది మాత్రం రాసుకోలేదు.

పైపు మీద చెట్టు వేయకూడదు, చెరువు తవ్వకూడదు. 1962 చట్టమట, సరే. కానీ 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో తెల్లారగట్ల గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా పోయారు. ఆ మంట మా డాబా మీదనుంచి చూశాను. అది భద్రతకు ముప్పు కాదా? ఇంతకీ నేను చేసింది నేరమేనా?

గట్టుమీద వకీలు:
1923 అధికార రహస్యాల చట్టం ఉంది. ప్రభుత్వ అవసరానికి వాడే ఇలాంటి చోటిని నిషేధిత స్థలం అనాలంటే కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి, దాని కాపీ స్థానిక భాషలో కూడా అక్కడ అంటించాలి. కంచె మీద తెలుగు కాగితం ఏమన్నా కనిపించిందా?

రిటైర్డ్ ఫిట్టర్:
ముందు నా మాట వినండి. వాసన వస్తున్నచోట ఫోను తీయకండి, బండి స్టార్ట్ చేయకండి, చుట్ట సరేసరి. గాలికి ఎదురుగా నడిచి దూరం వెళ్లి, పైపు వెంట పాతిన రాళ్ల మీదుండే ఎమర్జెన్సీ నంబరుకు కొట్టండి. నగరంలో ఏం జరిగింది? పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీళ్లు కలిసిన గ్యాస్ పంపారు, లోపల తుప్పు తినేసింది.

పసలపూడి కుర్రాడు:
సెక్యూరిటీవాళ్లనే అనకండి బాబాయ్. పైపుకి తూట్లు పెట్టే దొంగలూ ఉన్నారుగా. 2011లో ఆ 1962 పైపులైన్ల చట్టం మార్చి శిక్షలు పెంచింది అందుకే.

లంకరైతు:
నిజమే అబ్బాయ్, దొంగని పట్టుకోవద్దని ఎవరన్నారు? బయటినుంచి తూటు పడితే భద్రతకు ముప్పు అంటున్నారు, లోపలినుంచి పడితే ప్రమాదం అంటున్నారు. కాలేది మాత్రం మేమే.

వకీలుగారూ, తెలుగు కాగితం లేదు, ఇంగ్లీషుదీ లేదు. ఫిట్టరుగారు చెప్పినట్టు ఇందాక రాయి దగ్గరికి వెళ్లాను. రంగు పెచ్చులూడి నంబర్లో చివరి మూడంకెలు కనపడట్లేదు. ఫొటో తీసి ఇక్కడ పెడదామనుకుని, ఎందుకొచ్చిన గొడవని ఉన్న ఏడంకెలూ బీడీకట్ట మీద రాసుకొచ్చాను.