మూడో తరగతి బాబు: వత్తులు చదవడు, తీసివేతలు తప్పు. ట్యూషన్ పెట్టాలా?

ఆమదాలవలస అమ్మ:
మా బాబు గుణింతాలు గడగడా చెప్తాడు కానీ 'అట్టు' అని రాసి ఉంటే 'అటు' అంటాడు. 52 లోంచి 27 తీసేయమంటే 35 అంటాడు. మేమిద్దరం పని నుంచి వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది, చాలా టెన్షన్‌గా ఉందండి.

రాజాం టీచర్:
ట్యూషన్ అప్పుడే వద్దమ్మా. 35 వచ్చిందంటే బద్ధకం కాదు, 2 లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7 లోంచి 2 తీసేస్తున్నాడు. చీపురు పుల్లలు పదేసి కట్టి 5 కట్టలు, విడిగా 2 పుల్లలు ముందు పెట్టి '27 ఇవ్వు నాన్నా' అనండి. విడిగా ఉన్నవి రెండే కాబట్టి ఏడు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పక తప్పదు, అప్పుడు 12 అవుతాయి, 7 ఇస్తే 5, మిగిలిన 4 కట్టల్లో రెండు ఇస్తే చేతిలో 25. కట్ట మాత్రం వాడే విప్పాలి, మీరు విప్పొద్దు. కాగితం మీద లెక్క ఆ తర్వాతే.

విజయనగరం నాన్న:
వత్తులకి మేం జంట మాటలు రాసి పెట్టాం: అటు-అట్టు, గుడి-గుడ్డి. నొక్కి పలికేటప్పుడు చప్పట్లు కొట్టించాను, పది రోజుల్లో మా పాపకి తేడా పట్టుబడింది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, ఒకటో లెవెల్ నుంచి మొదలెట్టండి, చిన్న క్లాసు కథలని మొహమాటపడకండి.

ఆమదాలవలస అమ్మ:
పుల్లలు ఇప్పుడే కట్టించానండి, వాడే లెక్కపెట్టి రబ్బర్లు వేశాడు.