బెంజీన్‌డైఅమీన్ కండక్టెన్స్ ప్రయోగం కన్నా ఏడు రెట్లు ఎక్కువ వస్తోంది

ప్రశ్న:
బంగారు ఎలక్ట్రోడ్ల మధ్య 1,4-బెంజీన్‌డైఅమీన్ అణువు. ట్రాన్‌సియెస్టాలో (అణువు గుండా విద్యుత్ ప్రసారం లెక్కించే ప్రోగ్రామ్) పీబీఈతో (డీఎఫ్‌టీ అనే ఎలక్ట్రాన్ సాంద్రత సిద్ధాంతంలో ఒక ఉజ్జాయింపు), బయాస్ లేకుండా లెక్కిస్తే ఫెర్మీ స్థాయి దగ్గర కండక్టెన్స్ (విద్యుత్ వాహకత) 0.045 జి₀ వస్తోంది; జి₀ అంటే కండక్టెన్స్ క్వాంటం. 2006 నాటి ఎస్‌టీఎం బ్రేక్ జంక్షన్ (బంగారు కొనను లాగి అణువు సంధిని కొలిచే ప్రయోగం) విలువ 0.0064 జి₀. కొన అమరిక మార్చినా పెద్దగా తగ్గట్లేదు. తప్పు సెటప్‌లోనా, సిద్ధాంతంలోనా?

జవాబు 1:
సెటప్ బాగానే ఉన్నట్టుంది. 2007లో ఈ అణువుకే ప్రచురించిన డీఎఫ్‌టీ విలువ కూడా 0.046 జి₀. ఇబ్బంది హోమోతో (ఎలక్ట్రాన్లు నిండిన అన్నిటికన్నా పై స్థాయి): పీబీఈ దాన్ని ఫెర్మీకి మరీ దగ్గరగా పెడుతుంది. రెండు గామాలూ (రెండు ఎలక్ట్రోడ్లతో ఆ స్థాయి కలిసే బలాలు) 0.25 ఈవీ అనుకోండి. హోమో 1.2 ఈవీ కింద ఉంటే లొరెంట్జియన్ సూత్రం 0.042 ఇస్తుంది, 3.2 ఈవీ కింద ఉంటే 0.006.

డీఎఫ్‌టీ+సిగ్మా చేయండి, అంటే డీఎఫ్‌టీ ఇచ్చిన అణువు స్థాయిలను సవరించి జరపండి. ముందు విడి అణువుకు తటస్థ, ధనావేశ స్థితుల మొత్తం శక్తుల తేడాతో అయనీకరణ శక్తి తీసి, పీబీఈ హోమోతో పోల్చండి. తేడా 3 ఈవీ ప్రాంతంలో ఉంటుంది. అందులోంచి లోహపు ప్రతిబింబ ఆవేశం వాటా తీసేయాలి: రెండు తలాల నడుమ బిందు ఆవేశానికి అది సుమారు 5/a ఈవీ. a అంటే ప్రతిబింబ తలం నుంచి దూరం, ఆంగ్‌స్ట్రాముల్లో. ఆ తలాన్ని పై బంగారు పొర నుంచి సుమారు 1 ఆంగ్‌స్ట్రామ్ బయట పెట్టండి. పరమాణు కేంద్రాల నుంచి కొలిస్తే ఈ వాటా తక్కువగా వస్తుంది. తర్వాత హామిల్టోనియన్‌లో అణువు బ్లాకును ఓవర్‌ల్యాప్‌తో కలిపి డయాగనలైజ్ చేసి, నిండిన స్థాయిలను కిందికీ ఖాళీవాటిని పైకీ జరిపి, మళ్లీ ఎస్‌సీఎఫ్ (స్వయంసంగత లెక్క) నడపకుండానే ట్రాన్స్‌మిషన్ (ఎలక్ట్రాన్ దాటే సంభావ్యత) తీయండి.

జవాబు 2:
దానికన్నా ముందు అడ్డదిశ కె-పాయింట్లు (ప్రవాహానికి అడ్డదిశలో లెక్కకు తీసుకునే తరంగ బిందువులు) సరిచూడండి. వాటిలో గామా బిందువు (k=0; పై గామాలు కావు) ఒక్కటే వాడితే ఫెర్మీ దగ్గర లేనిపోని ముళ్లు లేస్తాయి, వాటిమీద సిగ్మా వేసి లాభం లేదు. థయాల్‌కు (గంధకంతో బంగారానికి అంటుకునే అణువులు) మాత్రం ఈ పద్ధతి గుడ్డిగా వాడొద్దు. గంధకం బంగారంతో గట్టిగా కలిసిపోతుంది కనక బ్లాకులో దొరికే స్థాయిలు విడి అణువు స్థాయిలు కావు.

ప్రశ్న అడిగినవారు:
కొనను అణువు నుంచి పైకి లేపితే ట్రాన్స్‌మిషన్ ఒక్కసారిగా పడిపోతోంది. ఇదీ పీబీఈ వల్లేనా?

జవాబు 3:
కాదు, బేసిస్ (ఎలక్ట్రాన్ తరంగాలను కూర్చే ఆర్బిటాళ్ల సముదాయం) వల్ల. సియెస్టా ఆర్బిటాళ్లు కటాఫ్ దూరం దాటితే సున్నా. శూన్యంలో ఘోస్ట్ ఆర్బిటాళ్లు (పరమాణువు లేకుండా ఉంచేవి) పెట్టండి, లేదా బంగారు ఉపరితల పరమాణువులకు పొడవైన కటాఫ్ ఇవ్వండి. దూరానికి ట్రాన్స్‌మిషన్ లాగ్ గీయండి: అవరోధం 5 ఈవీ ఉంటే ఆంగ్‌స్ట్రామ్‌కు సుమారు పది రెట్లు తగ్గాలి. అంతకన్నా నిటారుగా వంగితే బేసిస్ ఇంకా చాలలేదు.